బ్యాంకాక్‌లో తమ్ముడు, ముగిసిపోతున్న గడువు

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మా తమ్ముడికి 27 ఏళ్లు. విదేశీ కంపెనీలకు ఇంటి నుంచే వీడియో ఎడిటింగ్ చేస్తుంటాడు. నాలుగు నెలల క్రితం బ్యాంకాక్ వెళ్లి, అక్కడే గది తీసుకుని అదే పని చేసుకుంటున్నాడు. వీసా లేకుండా ఇచ్చిన 60 రోజులు, పొడిగించుకున్న 30 రోజులు అయిపోయాక బస్సులో లావోస్ వెళ్లి, అదే రోజు తిరిగి వచ్చి మరో 60 రోజులు తెచ్చుకున్నాడు. ఆ గడువు వచ్చే నెలలో ముగుస్తుంది. ఇలా సరిహద్దు దాటి వచ్చి కొత్త గడువు తెచ్చుకోవడాన్ని వీసా రన్ అంటారట, మళ్లీ అదే చేయాలంటున్నాడు. వ్యానులో లావోస్ సరిహద్దుకు వెళ్లి రావడం చవక అంటాడు. కౌలాలంపూర్‌కు విమానంలో వెళ్లి రమ్మని స్నేహితులు చెబుతున్నారట. ఇంతలో అక్కడ పరిచయమైన ఒక తెలుగాయన మే సాట్ మీదుగా మయన్మార్ వైపు తీసుకెళ్లి తీసుకొస్తానని, ఖర్చంతా తనదేనని, అవతల ఒక కంపెనీలో ఇంటర్వ్యూ కూడా పెట్టిస్తానని అన్నాడట. నాకెందుకో భయంగా ఉంది. ఒకసారి ఇంటికి వచ్చి వెళ్లరా అంటే, ‘వచ్చేశావా అని వీధిలో అందరూ అడుగుతారు’ అని ఒప్పుకోవడం లేదు. అమ్మకు ఇవేవీ తెలియవు. వాడికి ఏ దారి చెప్పమంటారు?
— ఒక అక్క, గుంటూరు

సమాధానం:

అమ్మా, మీ భయం అకారణం కాదు. మిగిలిన దారుల మంచిచెడ్డలు తర్వాత చూద్దాం. ముందు ఈ ఉత్తరం పక్కన పెట్టి మీ తమ్ముడికి ఫోన్ చేయండి. మే సాట్ వైపు అడుగు వేయవద్దని, ఆ మనిషి చేతికి పాస్‌పోర్టు ఇవ్వవద్దని చెప్పండి. ఇప్పటికే ఇచ్చి ఉంటే ఈ రోజే తిరిగి తీసుకోమనండి.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, మే సాట్ థాయిలాండ్‌కు పడమటి అంచున ఉన్న ఊరు. దానికీ మయన్మార్‌లోని మ్యావాడీకీ మధ్య మోయీ నది ఒక్కటే అడ్డు. ఎండాకాలంలో అది పెద్ద కాలువంత ఉంటుంది. ఆ అవతలి ఒడ్డున ఎత్తైన గోడలు, ముళ్లకంచెల వెనుక ఆన్‌లైన్ మోసాలు చేయించే కేంద్రాలు వెలిశాయి. ఉద్యోగమని నమ్మి వెళ్లినవాళ్ల పాస్‌పోర్టులు లాక్కుని, రాత్రింబవళ్లు కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి, ఎక్కడో ఉన్న అమాయకుల డబ్బు కాజేసే పని చేయిస్తారు. చేయనంటే కొడతారు. 2025 మార్చి 10, 11 తేదీల్లో మన ప్రభుత్వం రెండు వైమానిక దళ విమానాలు పంపి, అలా చిక్కుకున్న 549 మంది భారతీయులను మే సాట్ నుంచే వెనక్కి తెచ్చింది. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. అంతకు ముందు ఏడాది మేలో, కంబోడియాలోని ఇలాంటి కేంద్రాలకు మన కుర్రాళ్లను పంపిన ఏజెంట్లను విశాఖపట్నం పోలీసులు అరెస్టు చేశారు. ఆ ఏజెంట్లు పరాయివాళ్లు కారు. మన భాష మాట్లాడి, మన ఊళ్ల పేర్లు చెప్పి నమ్మించినవాళ్లే.

మీ తమ్ముడికి పరిచయమైన మనిషి అలాంటివాడేనని నేను అనడం లేదు. అతను చెప్పిన మాటలు మాత్రం ఆ ఏజెంట్లు చెప్పే మాటల్లాగే ఉన్నాయి. ఖర్చు నాది అనడం, సరిహద్దు అవతల ఇంటర్వ్యూ అనడం, ఫలానా కంపెనీ అని పేరు చెప్పకపోవడం. నిజంగా ఉద్యోగం ఇచ్చే కంపెనీ వీడియో ఎడిటర్‌ను ఫోనులో ఇంటర్వ్యూ చేస్తుంది. అందుకోసం నది దాటించదు. కాబట్టి మయన్మార్ దారిని లెక్కలోంచి పూర్తిగా తీసేయండి. ఎవరైనా మళ్లీ ఒత్తిడి చేస్తే బ్యాంకాక్‌లో మన రాయబార కార్యాలయానికి వెళ్లమనండి. ఇక్కడ మీరు మాట్లాడదలిస్తే మీకు దగ్గర్లో తాడేపల్లిలోనే ప్రవాసాంధ్రుల కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ ఉంది. గుంటూరు నుంచి గంట ప్రయాణం. వెళ్లి విషయం చెప్పి ఉంచండి. ఏమీ జరగకపోయినా నష్టం లేదు.

ఇక అసలు ప్రశ్న. లావోసా, మలేసియానా, ఇల్లా?

వీసా రన్ చేసేవాళ్లు సాధారణంగా టికెట్ ధర చూస్తారు, ఎన్ని గంటల్లో తిరిగి రావచ్చో చూస్తారు. నన్నడిగితే వాటికంటే ముందు చూడవలసింది ఇంకొకటి ఉంది. తిరిగి వచ్చేటప్పుడు థాయ్ అధికారి ‘నిన్ను రానివ్వను’ అంటే ఆ రాత్రి మీ తమ్ముడు ఎక్కడ ఉంటాడు? ఆ చోట ఉండడానికి అతనికి హక్కు ఉందా? ఈ ప్రశ్నకు దిలాసాగా జవాబు చెప్పగలిగిన దారే మంచి దారి. మొదటిసారి వెళ్లేవాళ్లకు ఇది అంత ముఖ్యం కాకపోవచ్చు. మీ తమ్ముడికి మాత్రం చాలా ముఖ్యం, ఎందుకంటే అతని పాస్‌పోర్టు ఇప్పటికే కొంత కథ చెబుతోంది.

ఆ కథ ఎలా కనిపిస్తుందో ఊహించండి. అధికారి పాస్‌పోర్టు తీసుకుని పేజీలు తిప్పుతాడు. విమానాశ్రయంలో వేసిన మొదటి ముద్ర ఉంటుంది, దాని మీద ఏ తేదీ వరకు ఉండవచ్చో ఉంటుంది. పక్కన పొడిగింపు ముద్ర. తర్వాత పేజీ నిండా అతికించిన లావోస్ వీసా స్టిక్కరు. దాని తర్వాత ఒకే తేదీతో వెళ్లిన ముద్ర, వచ్చిన ముద్ర. కంప్యూటర్‌లో ఇవన్నీ ఎటూ ఉంటాయి, కాగితం మీద కూడా పట్టపగల్లా కనిపిస్తాయి. పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చినవాడు లావోస్ చూడడానికి వెళ్లలేదని ఎవరికైనా తెలుస్తుంది. 2024 జూలై 15 నుంచి థాయిలాండ్ మనవాళ్లకు వీసా లేకుండా 60 రోజులు ఇస్తున్నది పర్యటన కోసం, చిన్నపాటి వ్యాపార పనుల కోసం. అక్కడ కాపురం పెట్టడానికి కాదు. 2025 నవంబరులో థాయ్ ఇమిగ్రేషన్ శాఖ ఈ విషయంలో గట్టిగా వ్యవహరిస్తామని ప్రకటించింది. సరైన కారణం లేకుండా రెండుసార్లకు మించి వీసా రన్‌లు చేసినవాళ్లను రానివ్వబోమని చెప్పింది. అంతకు ముందు నుంచే ఒక నిబంధన ఉంది: వీసా లేకుండా భూమార్గంలో వచ్చేవాళ్లను ఒక క్యాలెండర్ సంవత్సరంలో రెండుసార్లే రానిస్తారు. మీ తమ్ముడు అందులో ఒకటి వాడేశాడు. మళ్లీ లావోస్ వ్యాను ఎక్కితే రెండోదీ అయిపోతుంది.

వ్యాను సంగతే ముందు చూద్దాం, అతని మొగ్గు అటే ఉంది కాబట్టి. బ్యాంకాక్ నుంచి రాత్రి బయలుదేరితే తెల్లవారేసరికి నోంగ్ ఖాయ్ చేరతారు. అక్కడ మెకాంగ్ నది మీద 1994లో కట్టిన స్నేహ వంతెన దాటితే లావోస్. మన పాస్‌పోర్టుకు ఆ గట్టునే డబ్బు కట్టించుకుని వీసా ఇస్తారు. ఒకసారి వెళ్లడానికే పనికొచ్చే వీసా అది. అక్కడే చిక్కుంది. లోపలికి వెళ్లిన ముద్ర, బయటికి వచ్చిన ముద్ర వేయించుకుని వంతెన మీద ఇటు వచ్చేసరికి లావోస్ వీసా అయిపోయినట్టే. అప్పుడు థాయ్ అధికారి కాదన్నాడనుకోండి. ఇటు ప్రవేశం లేదు, అటు వీసా లేదు. మళ్లీ వెనక్కి వెళ్లి, మళ్లీ డబ్బు కట్టి, మరో పేజీ పోగొట్టుకుని వీసా తీసుకోవాలి. వ్యాను వాడు మిగతా పదిమందిని ఎక్కించుకుని వెళ్లిపోతాడు. గదిలో సామాను బ్యాంకాక్‌లో, ల్యాప్‌టాప్ బ్యాంకాక్‌లో, తను చేతిసంచితో లావోస్ రాజధాని వియంటియాన్‌లో. ఒక రోజులో అయిపోతుందని వెళ్లినవాడికి ఇది పెద్ద దెబ్బ. చవక దారి అన్నది అంతా సవ్యంగా జరిగితేనే చవక.

కంబోడియా వైపు వ్యాన్ల గురించి కూడా ఎవరైనా చెప్పవచ్చు. వినవద్దు. 2025 జూలైలో ఆ రెండు దేశాల సైన్యాలు అయిదు రోజుల పాటు కాల్పులు జరుపుకున్నాయి, ఆ నేల దారులు మూతపడ్డాయి, డిసెంబరులో మళ్లీ పోరు సాగింది. పైగా పోయిపెట్ వంటి సరిహద్దు ఊళ్లలోనూ మ్యావాడీ తరహా కేంద్రాలు ఉన్నాయి.

మలేసియా సంగతి వేరు. 2023 డిసెంబరు 1 నుంచి ఆ దేశం భారతీయులకు 30 రోజుల వరకు వీసా అడగడం లేదు. ఈ సౌకర్యాన్ని 2026 చివరి వరకు పొడిగించింది. అంటే థాయ్ అధికారి వెనక్కి పంపినా మీ తమ్ముడు నిలబడడానికి చోటు ఉంటుంది. ఎవరినీ బతిమాలకుండా గది తీసుకోవచ్చు, ల్యాప్‌టాప్ తెరిచి పని ఇచ్చే క్లయింట్లకు పంపవలసినవి పంపవచ్చు, తీరిగ్గా చెన్నైకి టికెట్ తీసుకోవచ్చు. కౌలాలంపూర్ నుంచి చెన్నైకి, హైదరాబాద్‌కు నేరు విమానాలు ఉన్నాయి.

మలేసియాకు రెండు రకాలుగా వెళ్లవచ్చు. స్నేహితులు చెప్పినట్టు విమానం ఒకటి. రెండోది రైలు, దాని గురించి కాస్త చెబుతాను, ఎందుకంటే అంత సాఫీగా దాటే సరిహద్దు ఆ చుట్టుపక్కల ఇంకొకటి లేదనిపిస్తుంది. బ్యాంకాక్‌లోని పెద్ద స్టేషన్, క్రుంగ్ థెప్ అపివాట్ నుంచి సాయంత్రం ఒక స్లీపర్ రైలు బయలుదేరి మర్నాడు పొద్దున పడాంగ్ బెసార్ చేరుతుంది. అక్కడ రెండు దేశాల ఇమిగ్రేషన్ కౌంటర్లూ ఒకే స్టేషన్‌లో ఉంటాయి. రైలు దిగి, సామాను పట్టుకుని వరుసలో నిలబడితే మొదట థాయ్ అధికారి బయటికి వెళ్తున్న ముద్ర వేస్తాడు, కొద్ది అడుగుల అవతల మలేసియా అధికారి లోపలికి ముద్ర వేస్తాడు. గడియారం ఒక గంట ముందుకు తిప్పుకోవాలి, మలేసియా సమయం థాయ్ సమయం కంటే గంట ముందు నడుస్తుంది. తర్వాతి రైలు సమయం చూసుకునేటప్పుడు ఈ గంట మరిచిపోయి అక్కడే కూర్చుండిపోయేవాళ్లు ఉంటారు. అక్కడి నుంచి మలేసియా రైళ్లు పెనాంగ్ ఎదుట ఉన్న బటర్‌వర్త్‌కు, ఇంకా దక్షిణంగా కౌలాలంపూర్‌కు వెళ్తాయి. పెనాంగ్‌లో మన తమిళ సోదరుల లిటిల్ ఇండియా ఉంది. ఇడ్లీ, సాంబారు, వేడి అన్నం దొరుకుతాయి. నెలల తరబడి బయట తింటున్న పిల్లవాడికి అది చిన్న విషయం కాదు.

రైల్లో అదే దారిన తిరిగి వస్తే మాత్రం పైన చెప్పిన రెండోసారి భూమార్గం లెక్కలోకి వస్తుంది. అందుకని రైల్లో వెళ్లి విమానంలో రావడం నయం. విమానంలో వచ్చేవాళ్లకు ఇన్నిసార్లు అన్న సంఖ్య నిబంధనలో లేదు, అధికారి విచక్షణ మాత్రం ఉంది. వెళ్లినవాడు కనీసం వారం, పది రోజులు ఉండి రావాలి. నిజంగా ఉన్నట్టు, చూసినట్టు ఉండాలి. తిరుగు టికెట్, బస చేసే చోటు వివరం, చేతిలో 20,000 బాత్‌ల నగదు ఉంచుకుంటే అడిగినప్పుడు తడబడనక్కర లేదు. ‘ఇక్కడ ఏం చేస్తున్నావు’ అని అడిగితే అబద్ధం చెప్పవద్దనండి. ఒక అబద్ధం ఫోనులోని సందేశాలతో, సామానుతో పొసగనప్పుడు పరిస్థితి పూర్తిగా పాడవుతుంది. నిజమే చెప్పి, మామూలుగా మాట్లాడి, కాదంటే వాదించకుండా వెనక్కి తిరగాలి.

ఇంత చెప్పాక కూడా, మలేసియా దారి మీ తమ్ముడికి నేను చెప్పే మొదటి దారి కాదు. అతను ఈసారి ఇంటికే రావాలి. మీరు అక్కగా అడిగినందుకు కాదు, అతని పనికీ అదే లాభం కాబట్టి.

కారణం ఇది. విదేశీ కంపెనీలకు దూరం నుంచి పని చేసేవాళ్ల కోసమే థాయిలాండ్ 2024 జూలైలో ఒక వీసా తెచ్చింది. పేరు డెస్టినేషన్ థాయిలాండ్ వీసా, అందరూ డీటీవీ అంటారు. అయిదేళ్లు చెల్లుతుంది. వెళ్లిన ప్రతిసారీ 180 రోజులు ఉండవచ్చు. మీ తమ్ముడు చేసే పని అచ్చంగా ఈ వీసాలో చెప్పిన పనే. అలాంటప్పుడు పర్యాటకుడినని చెప్పుకుంటూ రెండు మూడు నెలలకోసారి గుండె చేత పట్టుకుని కౌంటర్ ముందు నిలబడడం దేనికి? అయితే దీనికి థాయిలాండ్ బయట నుంచే దరఖాస్తు చేయాలి. బ్యాంకాక్‌లో కూర్చుని తెచ్చుకోవడం కుదరదు. 2025 జనవరి నుంచి మన దేశంలో థాయ్ వీసా దరఖాస్తులన్నీ ఆన్‌లైన్‌లోనే. కాబట్టి బ్రాడీపేటలో మీ ఇంట్లో కూర్చుని అన్నీ పంపవచ్చు.

కష్టం ఎక్కడంటే డబ్బు చూపించడంలో. 5,00,000 బాత్‌లకు సమానమైన సొమ్ము ఖాతాలో ఉందని రుజువు కావాలి. మన లెక్కలో 13 లక్షల రూపాయలకు పైమాటే. మధ్యతరగతి ఇంటికి అది ఊరికే తీసి చూపించే మొత్తం కాదని తెలుసు. ఖర్చు పెట్టవలసింది కాదు, ఉందని చూపించవలసింది అంతే. అయినా దాని కోసం వడ్డీకి అప్పు తెచ్చి ఖాతాలో వేయవద్దు. రాత్రికి రాత్రి వచ్చిపడిన సొమ్మును స్టేట్‌మెంటు చూసేవాళ్లు ఇట్టే గుర్తుపడతారు, వడ్డీ మాత్రం మీ నెత్తిన మిగులుతుంది. సంపాదిస్తున్నవాడు కాబట్టి అతని పొదుపు ఎంతో కూర్చుని లెక్క వేయండి. ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఉంటే వాటి సంగతీ చూడండి. సరిపోతే వెంటనే దరఖాస్తు చేయవచ్చు. సరిపోకపోతే కొన్ని నెలలు ఇక్కడే ఉండి పని చేసుకుంటే ఆ మొత్తం చేరుతుంది. గుంటూరులో గది అద్దె లేదు, భోజనం ఖర్చు లేదు. డబ్బు వెనకేసుకోవడానికి ఇంతకంటే మంచి చోటు బ్యాంకాక్‌లో దొరకదు. రుసుము 10,000 బాత్‌లు, దరఖాస్తు చేసే దేశాన్ని బట్టి మారుతుంది. క్లయింట్లతో చేసుకున్న ఒప్పందాలు, ఇన్‌వాయిస్‌లు, చేసిన పని నమూనాలు కూడా అడుగుతారు. వీటిని ఇప్పటి నుంచే ఒక చోట పెట్టమనండి. ఫ్రీలాన్స్ పని చేసే కుర్రాళ్లలో చాలామంది ఒప్పందం అంటూ కాగితం రాయించుకోరు, వాట్సాప్ మాట మీదే నడిపిస్తారు. అడిగితే ఇచ్చే క్లయింటు దగ్గర నుంచి ఒక్క పేజీ అయినా సంతకంతో తెప్పించుకోవాలి.

మరి గడువు వచ్చే నెలలోనే ముగుస్తోంది, ఇవన్నీ ఎప్పుడు చేస్తాడు అంటారా? అతనికి ఇంకా ఒక వెసులుబాటు ఉంది, హడావిడిలో దాన్ని మరిచిపోయినట్టున్నాడు. మొదటి 60 రోజులకు తెచ్చుకున్నట్టే ఈ రెండో 60 రోజులకు కూడా పొడిగింపు అడగవచ్చు. రుసుము 1,900 బాత్‌లు. బ్యాంకాక్‌లో చేంగ్ వట్టనా రోడ్డులోని ఇమిగ్రేషన్ కార్యాలయానికి గడువు ముగిసేలోపు వెళ్లాలి. అతను ఉంటున్న ఇంటి యజమాని, విదేశీయుడు తన ఇంట్లో ఉంటున్నాడని తెలియజేసి ఉండాలి. ఆ రసీదు లేకపోతే కౌంటర్ దగ్గర పని ఆగుతుంది. ఒకసారి పొడిగింపు తెచ్చుకున్నాడు కాబట్టి ఇది అతనికి కొత్త కాదు. అలా కలిసొచ్చిన రోజుల్లో గది ఖాళీ చేయడం, అడ్వాన్సు వెనక్కి తీసుకోవడం, టికెట్ ధర తగ్గిన రోజు చూసుకోవడం అన్నీ జరుగుతాయి. వ్యాను కోసం పెట్టే డబ్బు కంటే ఈ 1,900 బాత్‌లకు విలువ ఎక్కువ.

పొడిగింపు ఇవ్వకపోతే గడువులోపే బయలుదేరాలి. ఒక్క రోజు కూడా దాటనివ్వవద్దు. దాటితే రోజుకు 500 బాత్‌ల జరిమానా, 20,000 వరకు పెరుగుతుంది. డబ్బు కట్టేస్తే సరిపోతుంది కదా అని కొందరు తేలిగ్గా అంటారు. గడువు దాటిన మనిషి దారిలో తనిఖీలో దొరికితే ఆ లెక్క వేరు. అరెస్టు చేసి, దేశం నుంచి పంపేసి, అయిదేళ్లు రాకుండా నిషేధిస్తారు. తనంతట తాను విమానాశ్రయానికి వచ్చినా 90 రోజులు మించి ఉండిపోతే ఏడాది నిషేధం. ఆ దేశంలోనే పని చేసుకోవాలనుకునే కుర్రాడికి ఇది తగిలించుకోకూడని మచ్చ.

ఇక ‘వచ్చేశావా’ అన్న మాట. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే. మన ఊళ్లలో ఈ మాట ఎంత గుచ్చుకుంటుందో నాకు తెలుసు. విదేశం వెళ్లిన కుర్రాడు ఏ కారణంతో ఇంటికి వచ్చినా మెట్ల మీదే పలకరించి, ‘ఎన్నాళ్లుంటావు, మళ్లీ వెళ్తావా’ అని ఆరా తీస్తారు. ఆ రెండు ప్రశ్నలకు భయపడి ఎంతోమంది పిల్లలు గడువు దాటిపోయినా అక్కడే దాక్కుంటున్నారు, ఎవడో చూపించిన ఉద్యోగానికి తలూపుతున్నారు. మే సాట్ లాంటి చోట్ల వల వేసేవాళ్లకు పనికొచ్చేది ఈ సిగ్గే. ఇంటికి వెళ్లలేనని ఎవడు అనుకుంటున్నాడో వాళ్లకు బాగా తెలుసు. కాబట్టి దీన్ని పిల్లవాడి మొండితనంగా తీసుకోవద్దు. అతనికి వీధిలో చెప్పుకోవడానికి ఒక నిజమైన మాట కావాలి, ఆ మాట ఉంది: ‘అయిదేళ్ల వీసాకు ఇక్కడి నుంచే దరఖాస్తు చేయాలి, అందుకు వచ్చాను.’ ఇందులో దాపరికం ఏదీ లేదు. మీరు కూడా అడిగినవాళ్లకు అదే చెప్పండి. మీ ఇంట్లో ఎవరూ ఈ విషయంలో గొంతు తగ్గించి మాట్లాడకపోతే వీధి కూడా రెండు రోజుల్లో మరిచిపోతుంది.

అమ్మగారికి ఇప్పుడే చెప్పండి. పెద్దవాళ్లు తట్టుకోలేరని దాస్తాం కానీ, రేపు అతను ఏ స్టేషన్‌లోనో ఆగిపోయి మీరు పరుగులు పెట్టవలసి వస్తే అప్పుడు తెలియడం ఆమెకు ఇంకా కష్టం. మే సాట్ సంగతి మొత్తం చెప్పనక్కర లేదు. తమ్ముడు నెలన్నరలోపు వస్తున్నాడని, కాగితాల పని ఉందని, కొన్నాళ్లు ఉంటాడని చెబితే చాలు. ఆమె సంతోషం ఫోనులో వింటే అతని నిర్ణయం కూడా తేలికవుతుంది.

ఇంకొన్ని చిన్న విషయాలు, ఉత్తరాలలో ఎవరూ అడగరు గానీ అసలు పని వీటి దగ్గరే చెడుతుంది. థాయ్ ముద్ర ఉన్న పేజీని ఫోటో తీసి మీకు పంపమనండి. దాని మీద ఉన్న తేదీయే లెక్క. వేళ్ల మీద కట్టుకున్న 60 రోజులు లెక్క కాదు, వచ్చిన రోజును కూడా ఒకటిగా లెక్కిస్తారు. పాస్‌పోర్టు ఇంకా ఎన్నాళ్లు చెల్లుతుందో చూడండి. ఆరు నెలలకంటే తక్కువ ఉంటే, ఖాళీ పేజీలు అయిపోతుంటే ఇంటికి వచ్చినప్పుడే విజయవాడ పాస్‌పోర్టు కార్యాలయం పరిధిలో కొత్తదానికి దరఖాస్తు చేసి, అది చేతికి వచ్చాకే డీటీవీకి వెళ్లాలి. పాత నంబరు మీద వీసా తెచ్చుకుని తర్వాత పాస్‌పోర్టు మార్చుకోవడం లేనిపోని తలనొప్పి. తిరిగి థాయిలాండ్ వెళ్లేటప్పుడు, దిగడానికి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. 2025 మే 1 నుంచి ఇది తప్పనిసరి, దీనికి డబ్బు కట్టనక్కర లేదు. డబ్బు అడిగే వెబ్‌సైట్ కనిపిస్తే అది అసలుది కాదు. మలేసియా మీదుగా వస్తే ఆ దేశానికీ ఇలాంటి ఉచిత కార్డు ఉంది. వీసా లేకుండా ఇచ్చే 60 రోజులను తగ్గించాలన్న మాట థాయ్ ప్రభుత్వంలో 2025 నుంచీ నలుగుతోంది. అందుకని ఏ దారిన వెళ్లినా బయలుదేరే వారంలో ఢిల్లీలోని థాయ్ రాయబార కార్యాలయం వెబ్‌సైట్ ఒకసారి చూడాలి. వ్యాను ఏజెంటు చెప్పిన మాట మీద, మూడు నెలల క్రితం వెళ్లొచ్చిన స్నేహితుడి మాట మీద ఆధారపడవద్దు.

డీటీవీ వచ్చాక ఒక క్యాలెండర్ సంవత్సరంలో మొత్తం 180 రోజులు థాయిలాండ్‌లో ఉంటే అక్కడి పన్ను చట్టం అతన్ని నివాసిగా లెక్కిస్తుంది. ఆ తర్వాత విదేశాల్లో సంపాదించి అక్కడికి తెచ్చుకున్న సొమ్ము మీద పన్ను ప్రశ్న వస్తుంది. ఇక్కడ మన ఆదాయపు పన్ను లెక్క వేరే ఉంటుంది. అతను గుంటూరులో ఉన్న రోజుల్లోనే రెండు దేశాల లెక్కలూ తెలిసిన ఒక చార్టర్డ్ అకౌంటెంట్ దగ్గర గంట కూర్చోబెట్టండి. ముద్రలున్న పాస్‌పోర్టు పేజీల నకళ్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు వెంట తీసుకెళ్లమనండి. ఎన్ని రోజులు ఎక్కడ ఉన్నాడన్నది వాటి నుంచే తేలుతుంది.